హైవే పక్క ఇల్లు, అర్ధరాత్రి లారీ

పాఠకుల ప్రశ్నలు – టీచర్ గారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రోడ్డు చప్పుడు గురించే ఉన్నాయి. ఈ విషయం నాకూ దగ్గరిదే కాబట్టి మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు ఉంచాను.

ప్రశ్న: టీచర్ గారూ, మేము రెండేళ్ళ కిందట విజయవాడ రామవరప్పాడు రింగు దగ్గర, హైవే సర్వీసు రోడ్డు మీద నాలుగో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నాం. సాయంత్రం ట్రాఫిక్ జామ్‌లో వందల బండ్లు నిలబడినా నాకు అంత ఇబ్బంది అనిపించదు. రాత్రి పదకొండు దాటి రోడ్డు ఖాళీ అయ్యాకే నిద్ర పట్టదు. ఒక్కో లారీ గుండెల మీద నుంచి వెళ్ళినట్టు ఉంటుంది. బండ్లు తగ్గితే చప్పుడు తగ్గాలి కదా, నీది ఊరికే టెన్షన్ అంటారు మావారు. నిజంగా ఇది నా భ్రమేనా?
– ఒక గృహిణి, రామవరప్పాడు

జవాబు: భ్రమ కాదమ్మా. మీ చెవి సరిగ్గానే చెబుతోంది. మీవారు వేసిన లెక్క మనలో చాలామంది వేసేదే. బండ్లు ఎన్ని అని చూస్తాం, ఎంత వేగంగా పోతున్నాయో చూడం.

మా నాన్నగారు లారీ డ్రైవరు. విజయవాడ నుంచి కలకత్తా లైను. అప్పుడది 5వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 16. మా ఇల్లు పటమటలో, ఆటోనగర్ గేటుకు నడిచి వెళ్ళేంత దూరం. ఎండాకాలం అందరం మేడ మీద పడుకునేవాళ్ళం. నాన్నగారు కళ్ళు మూసుకునే చెప్పేవారు, "ఇది లోడు బండి. ఇది ఖాళీ, వెనక డోరు కొట్టుకుంటోంది విను. వీడు పాపం ఇంకా మూడో గేరులోనే లాగుతున్నాడు" అని. తర్వాత 31 ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను గానీ, రోడ్డు చప్పుడు గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఆ మేడ మీదిదే.

లారీ నుంచి ముఖ్యంగా రెండు చప్పుళ్ళు వస్తాయి. ఒకటి ఇంజనుది. సిలిండర్లలో డీజిల్ మండే టకటక, ఫ్యాను హోరు, సైలెన్సర్ నుంచి వచ్చే పొగ చప్పుడు, గేర్ల మూలుగు అన్నీ కలిసి ఒకటి అనుకోండి. ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో, ఎంత బరువు లాగుతోందో దాన్ని బట్టి ఇది పెరుగుతుంది. సిగ్నల్ దగ్గర లారీ కదిలేటప్పుడు వినపడేది ఇదే. రెండోది టైరు చప్పుడు. టైరు మీద గాడుల మధ్య ఉండే రబ్బరు దిమ్మలు ఒకదాని తర్వాత ఒకటి రోడ్డును కొడతాయి. గాడుల్లో చిక్కిన గాలి నొక్కుకుపోయి బయటికి చిమ్ముతుంది. టైరుకీ రోడ్డుకీ మధ్య సందు బూర మూతిలా విచ్చుకుని ఉంటుంది కాబట్టి ఆ చప్పుడు ఇంకా పెద్దదవుతుంది. వేగం పెరిగేకొద్దీ ఇది పెరుగుతూనే పోతుంది. చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. వేగం రెట్టింపైతే టైరు చప్పుడు 9 నుంచి 12 డెసిబెల్స్ దాకా ఎక్కుతుంది. 10 డెసిబెల్స్ ఎక్కితే మన చెవికి చప్పుడు రెండింతలైనట్టు ఉంటుంది.

కారు గంటకు 30, 40 కిలోమీటర్లు దాటిందంటే ఇంజను కంటే టైరే ఎక్కువ మోగుతుంది. లారీకి ఆ మలుపు 60, 70 దగ్గర వస్తుంది. అందుకే సాయంత్రం జామ్‌లో మీకు వినపడేది నెమ్మదిగా తిరిగే ఇంజన్లు, హారన్లు మాత్రమే. టైరు దాదాపు మౌనంగా ఉంటుంది. రాత్రి రోడ్డు ఖాళీ కాగానే అదే లారీ 70, 80 మీద వస్తుంది. అప్పుడు ఇంజనూ మోగుతుంది, పది పన్నెండు టైర్లూ మోగుతాయి.

ఇక మీవారి లెక్క. డెసిబెల్స్ కూడే తీరు వేరు. 70 డెసిబెల్స్ చప్పుడుకు ఇంకో 70 కలిస్తే 140 కాదు, 73. కాబట్టి రోడ్డు మీద బండ్లు సగానికి సగం తగ్గినా పోయేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త తేడా తెలుస్తుంది, అంతే. మరో వైపు కారు వేగం 40 నుంచి 80కి పెరిగితే దాని చప్పుడు 8, 9 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ పెరుగుదలను సరిచేయాలంటే బండ్లు ఎనిమిదో వంతుకు పడిపోవాలి. రాత్రి పదకొండుకు మన హైవే మీద కార్లు అంతగా తగ్గుతాయేమో గానీ లారీలు తగ్గవు, పగలు ఊరి బయట ఆగినవి కూడా అప్పుడే కదులుతాయి. ఊళ్ళో మామూలు వేగాల దగ్గర ఒక్క పెద్ద లారీ చప్పుడు సుమారు పది కార్ల చప్పుడుకు సమానం. మీరు కిటికీలో నుంచి చూసి "రోడ్డు ఖాళీగా ఉంది, నాలుగు లారీలే" అనుకున్నప్పుడు, చెవి లెక్క ప్రకారం అక్కడ నలభై కార్లు పోతున్నట్టు.

లోడు బండి కంటే ఖాళీ బండి నయమని అనుకుంటారు. అన్నిసార్లూ అలా కాదు. ఖాళీ బండికి గొలుసులు, వెనక డోరు, బాడీ చెక్కలు అన్నీ వదులుగా ఉంటాయి, గతుకు వచ్చినప్పుడల్లా దడదడమంటాయి. లోడు ఉంటే ఆ బరువే వాటిని నొక్కి పట్టుకుంటుంది. నాన్నగారు కళ్ళు మూసుకుని గుర్తుపట్టింది దీన్నే. టైరులోనూ తేడా ఉంటుంది. నిలువు గీతల రిబ్ టైరు కంటే అడ్డంగా మందపు దిమ్మలుండే లగ్ టైరు ఎక్కువ మోగుతుంది. లారీ వెనక ఇరుసులకు ఎక్కువగా వేసేది లగ్ టైరే, పట్టు కోసం.

పోయిన నెల ఒక శుక్రవారం ఫోన్‌లో చప్పుడు కొలిచే యాప్ పెట్టుకుని మా మేడ మీద కూర్చున్నాను. ఫోన్ అసలైన మీటరు కాదు, దాని అంకెలను పట్టుకుని ఎవరితోనూ వాదించకండి, కానీ హెచ్చుతగ్గులు చూడడానికి పనికొస్తుంది. రాత్రి ఏడింటికి సూది 66, 69 మధ్య ఊగుతూ ఉండిపోయింది. పన్నెండున్నరకు మధ్య మధ్యలో 47కు దిగేది, లారీ రాగానే 78కి లేచేది, మళ్ళీ దిగేది. సగటు చూస్తే రెండు వేళలకూ పెద్ద తేడా లేదు. పడుకున్న మనిషికి మాత్రం చాలా తేడా ఉంది. ఒకే తీరుగా సాగే హోరుకు మెదడు అలవాటు పడుతుంది. నిశ్శబ్దంలోంచి ఒక్కసారి లేచే చప్పుడుకు అలవాటు పడదు, ఎక్కడో ప్రమాదం ఉందని ఒంటిని లేపుతుంది. మనకు మెలకువ రాకపోయినా గుండె కొట్టుకునే వేగం పెరుగుతుంది. పడకగదిలో రాత్రి సగటు 30 డెసిబెల్స్ దాటకూడదని, విడివిడిగా వచ్చే చప్పుళ్ళు 45 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 హద్దు. మీ కిటికీ బయట రాత్రి ఆ హద్దు నిలుస్తుందని నేను అనుకోను.

మా అమ్మ చివరి ఏడాది రోడ్డు వైపు గదిలో ఉండేది, బాత్‌రూమ్ ఆ గదికే ఉంది కాబట్టి. రాత్రిళ్ళు పక్కన నేను కూర్చునేదాన్ని. లారీ దూరంగా ఉండగానే ఆమె వేళ్ళు దుప్పటి అంచును పట్టుకునేవి. అది దాటిపోయాక వదిలేవి. మళ్ళీ ఇంకొకటి. కళ్ళు మూసుకునే ఉండేది, నిద్రపోతోందనే అనుకునేవాళ్ళం. ఒకరోజు డాక్టరు గారు వేరే గది ఉందా అని అడిగితే, వెనకవైపు వంటింటి పక్కన సామాన్ల గది ఖాళీ చేసి మంచం అక్కడ వేశాం. మర్నాడు పొద్దున ఆమె అడిగిన మొదటి మాట, "రోడ్డు మూసేశారా?" అని. ఆ పని నేను ఏడాది ముందే చేసి ఉండాల్సింది. మీకు ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

కాబట్టి అన్నిటికంటే ముందు మంచం మార్చండి. రోడ్డుకు ఎదురుగా ఉన్న గోడకీ, ఇంటి వెనక వైపు గోడకీ మధ్య 10 డెసిబెల్స్ పైగా తేడా ఉంటుంది, దానికి పైసా ఖర్చు లేదు. హాలును పడకగది చేసుకోవాల్సి వచ్చినా ఫరవాలేదు, ఎవరేమనుకుంటారని చూడకండి. తర్వాత కిటికీ. తెరిచిన కిటికీ 10, 15 డెసిబెల్స్ మాత్రమే ఆపుతుంది, మూస్తే 20 పైన ఆపుతుంది. అయితే మన జరిపే అల్యూమినియం కిటికీలకు అంచుల్లో వేలు పట్టేంత సందులుంటాయి. గాలి దూరే సందులోంచి చప్పుడూ దూరుతుంది. రెక్క తెరుచుకునే రకం, చుట్టూ రబ్బరు బిగుతుగా కూర్చునేది పెట్టించుకుంటే మేలు. మందపు గాజు కంటే ముందు సందు మూయడం ముఖ్యం. మే నెలలో బెజవాడలో కిటికీ మూసి పడుకోమనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఏసీ లేని ఇంట్లో ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే మంచం మాట ముందు చెప్పాను.

స్పీడ్ బ్రేకర్ వేయించమని మీ అపార్టుమెంటులో ఎవరైనా అంటే వద్దనండి. కార్లకు అది పనిచేస్తుందేమో గానీ లారీ దాని ముందు బ్రేకు కొడుతుంది, ఎక్కి దిగేటప్పుడు బాడీ మొత్తం మోగుతుంది, తర్వాత తక్కువ గేరులో ఇంజను గట్టిగా లాగుతుంది. మూడు చప్పుళ్ళు అదనం. మీరు అడగాల్సింది ఒకే వేగంతో సాగే నడక. 2018లో కేంద్రం ప్రకటించిన హద్దుల ప్రకారం మున్సిపల్ పరిధిలో సరుకు లారీకి గరిష్ఠ వేగం 60. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న ఆ 60ని రాత్రి పూట కూడా కెమెరాతో అమలు చేయమని అడిగితే చాలు. 80 మీద వచ్చే లారీ 60 మీద వస్తే మీ నిద్రకు ఎంత తేడానో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఊరు గన్నవరం అవతల. హైవే మాకు కిలోమీటరున్నర దూరం. పగలు ఒక్క బండి వినపడదు. చలికాలం తెల్లవారుజామున పాలు పితకడానికి లేస్తే మాత్రం ఇంటి వెనకే లారీలు పోతున్నట్టు ఉంటుంది. ఎందుకని?
– ఒక రైతు

జవాబు: మీరు చెప్పిన వేళలోనే జవాబు ఉందండీ. పగలు ఎండకు నేల కాగుతుంది, నేల దగ్గరి గాలి వేడిగా, పైగాలి చల్లగా ఉంటుంది. చప్పుడు చల్లటి గాలి వైపు వంగుతుంది కాబట్టి పైకి వెళ్ళిపోతుంది. చలికాలం రాత్రి నేల తొందరగా చల్లబడి తారుమారవుతుంది, కింద చలి, పైన కాస్త వెచ్చన. అప్పుడు పైకి పోవాల్సిన చప్పుడు తిరిగి కిందికి వంగి మీ పాక దాకా వస్తుంది. మంచు పట్టి, గాలి నిలిచిపోయిన తెల్లవారుజాము దీనికి అన్నిటికంటే అనువైన వేళ. దీనికి తోడు పగలు వినపడే పిట్టలు, మోటార్లు, మనుషుల మాటలు ఏవీ అప్పుడు ఉండవు. హైవే వైపు నుంచి మీ వైపు గాలి వీచే రోజున ఇంకా స్పష్టంగా వింటారు.

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు బ్రాడీపేట. మా వీధిలో డీజిల్ ఆటోలతో పిల్లలు చదువుకోలేకపోతున్నారు. ఇప్పుడు బ్యాటరీ ఆటోలు, బ్యాటరీ స్కూటర్లు వస్తున్నాయి. ఇంకొన్నాళ్ళకు అన్నీ అవే అయితే ఈ రోడ్డు చప్పుడు బాధ పూర్తిగా పోయినట్టేనా?
– ఇద్దరు పిల్లల తండ్రి, గుంటూరు

జవాబు: మీ వీధికి చాలావరకు పోతుంది. రామవరప్పాడు అమ్మాయి గారి ఇంటికి పోదు.

బ్రాడీపేట అడ్డవీధుల్లో ఏ బండైనా 20, 25 మించి పోలేదు. ఆ వేగంలో టైరు చప్పుడు లెక్కలోకి రాదు, వినపడేదంతా ఇంజనే. డీజిల్ ఆటోది ఒకే సిలిండరు. నాలుగు సిలిండర్లు వంతులవారీగా మండితే ఒకదాని కుదుపును ఇంకొకటి సర్దుతుంది, ఒక్కటే ఉంటే ప్రతి మంటా ఒక గుద్దే. ఆ గుద్దును మింగడానికి ఆటోలో చోటూ లేదు, మూతా సరిగ్గా లేదు. అది వచ్చిన దారిన బ్యాటరీ ఆటో వస్తే, మీ పిల్లలు పుస్తకంలోంచి తల ఎత్తరు. సిటీ బస్సు కూడా అంతే. స్టాపులో నిలబడి కదిలే డీజిల్ బస్సుకూ కరెంటు బస్సుకూ ఉన్న తేడా ఒక్కసారి విన్నవాళ్ళు మరిచిపోలేరు.

అదే కరెంటు కారు హైవే మీద 80లో వెళ్తే? పెట్రోలు కారుకీ దానికీ చప్పుడులో తేడా పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అక్కడ మోగుతున్నది టైరు. బ్యాటరీ బరువుకు కారు ఇంకాస్త బరువెక్కుతుంది కూడా. అందుకే బ్యాటరీ బండ్లు వస్తే చాలు, వేగం గురించి మాట్లాడక్కర్లేదు అనే వాళ్ళతో నేను ఒప్పుకోను.

ఒక జాగ్రత్త మాత్రం పిల్లలకు చెప్పండి. నెమ్మదిగా వచ్చే బ్యాటరీ బండి వెనక నుంచి వస్తే వినపడదు. చూపు లేనివాళ్ళకు ఇది మరీ ప్రమాదం. అందుకే యూరప్‌లో గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో కరెంటు కారు తనంతట తాను చిన్న చప్పుడు చేయాలని నియమం పెట్టారు. 2019 జూలై నుంచి కొత్త మోడళ్ళకు, 2021 జూలై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ వర్తించింది. 20 దాటాక ఆ చప్పుడు అక్కర్లేదు, టైరు చప్పుడే సరిపోతుంది.

హారన్ మాట మీరు అడగలేదు గానీ బ్యాటరీ ఆటోకూ హారన్ ఉంటుంది. రాత్రి పది తర్వాత ఇళ్ళ మధ్య హారన్ కొట్టకూడదన్న నిబంధన ఉంది. ఆసుపత్రి, స్కూలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అడుగడుగునా ఆసుపత్రులే. అక్కడ మంచం మీద ఉన్నవాళ్ళను ఒక్కసారి తలుచుకుంటే చెయ్యి హారన్ మీదికి పోదు.

ప్రశ్న: టీచర్ గారూ, నమస్తే. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. నా 350 సీసీ బుల్లెట్‌కు సైలెన్సర్ మార్పించాను. రోజూ పక్కింటి తాతగారితో గొడవ. నేను ఎప్పుడూ 40 దాటను. మీరు ఎప్పుడు రాసినా వేగం వల్లే చప్పుడు అంటారు. మరి నెమ్మదిగా వెళ్ళే నాది తప్పెలా అవుతుంది?
– ఒక విద్యార్థి, తాడేపల్లి

జవాబు: బాబూ, ప్రశ్న తెలివిగా అడిగావు, జవాబు మాత్రం నీకు నచ్చదు. వేగం మాట కార్లకు, లారీలకు. మోటారు సైకిల్‌కు రెండే టైర్లు, సన్నవి, మీద బరువూ తక్కువ. దాని ఇంజనేమో బోనెట్ లేకుండా గాలిలో వేలాడుతూ ఉంటుంది, సైలెన్సర్ పొడుగు కూడా బారెడే. అందుకని నువ్వు 20లో వెళ్ళినా, 60లో వెళ్ళినా మోగేది ఇంజనూ సైలెన్సరే. సందులో మొదటి గేరులో యాక్సిలరేటర్ తిప్పావంటే బండి నడక వేగమే గానీ ఇంజను మాత్రం పరుగులో ఉంటుంది.

ఇంకో సంగతి విను. కొత్త మోడల్ బండిని అమ్మకానికి అనుమతించే ముందు, అది దాటిపోతుండగా 7.5 మీటర్ల దూరంలో చప్పుడు కొలుస్తారు. మన దేశంలో కారుకు హద్దు 74 డెసిబెల్స్, 175 సీసీ దాటిన మోటారు సైకిల్‌కు 80. అంటే కారు కంటే నీ బండికి చట్టం ముందే 6 డెసిబెల్స్ ఎక్కువ వదిలేసింది. కంపెనీ సైలెన్సర్ లోపల ఉన్న అరలు, గొట్టాలు ఆ 80 దాటకుండా పట్టి ఉంచడానికే. ఒక్కో పేలుడు అలను అవి అటూ ఇటూ తిప్పి, ఒకదానితో ఒకటి కొట్టించి నీరసపరుస్తాయి. అవి తీసేసిన గొట్టం పెట్టించుకుంటే మిగిలేది నేరుగా సిలిండర్ పేలుడే. అది లోతైన దుడుదుడు చప్పుడు, గోడలూ కిటికీలూ దాన్ని సరిగ్గా ఆపలేవు. తాతగారు తలుపు వేసుకున్నా ఆయన గదిలోకి వస్తుంది.

చట్టం కూడా చెబుతాను. పొగను సైలెన్సర్ గుండా కాకుండా పక్కదారిన వదిలే బండికి, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ సెక్షన్ ప్రకారం మొదటిసారి 1,000 రూపాయలు, మళ్ళీ దొరికితే 2,000 జరిమానా. అనవసరంగా హారన్ కొట్టినా అదే సెక్షన్. చప్పుడు, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్స్ పోవడం, జైలు దాకా కూడా ఉంది.

జరిమానాకు భయపడి కాదు, తాతగారి కోసం మార్చు. పాత సైలెన్సర్ ఇంట్లోనే ఉండి ఉంటుంది, ఒక ఆదివారం బిగించేసి, ఆయన గుమ్మం ముందు బండి స్టార్ట్ చేసి "ఇప్పుడు ఎలా ఉంది తాతయ్యా?" అని అడుగు. ఆయన ఏమన్నారో నాకు రాయి.

ప్రశ్న: బెంజిసర్కిల్ ఫ్లైఓవర్ పక్క అపార్టుమెంటు అసోసియేషన్ తరఫున రాస్తున్నాం. ఫ్లైఓవర్ వచ్చాక కింది రెండు అంతస్తుల వాళ్ళకు కాస్త నయంగానే ఉంది, మూడు, నాలుగు, అయిదు అంతస్తుల వాళ్ళు మాత్రం తట్టుకోలేకపోతున్నారు. కాంపౌండు వెంట వరసగా అశోక చెట్లు నాటితే చప్పుడు తగ్గుతుందని ఒకరు సలహా ఇచ్చారు. నాటమంటారా?
– అసోసియేషన్ సభ్యులు, విజయవాడ

జవాబు: నాటండి, నీడకూ దుమ్ముకూ మంచిదే. చప్పుడు కోసమైతే ఆ డబ్బు దాచుకోండి. ఒక వరస చెట్లు చప్పుడును ఆపడం దాదాపు సున్నా. ఆకుల మధ్య నుంచి గాలి ఎలా వస్తుందో చప్పుడూ అలాగే వస్తుంది. 30 మీటర్ల మందాన కిక్కిరిసిన అడవి లాంటిది ఉంటే కొన్ని డెసిబెల్స్ తగ్గుతాయి, అంత చోటు బెంజిసర్కిల్‌లో ఎక్కడ ఉంది?

మీ అంతస్తుల తేడాకు కారణం ఉంది. ఫ్లైఓవర్ అంచున ఉండే కాంక్రీటు గోడ కింది వాళ్ళకు టైర్లను కనపడనివ్వదు. టైరు కనపడకపోతే దాని చప్పుడు చాలావరకు ఆగినట్టే. మూడో అంతస్తు నుంచి పైవాళ్ళకు రోడ్డు నేరుగా ఎదురుగా ఉంది, ఆపేది ఏమీ లేదు. మీ ఉత్తరంలో రాయలేదు గానీ, ఒక్కో బండి దాటుతుంటే "దడ్–దడ్" అని జంట దెబ్బ వినపడుతుందా? అది వంతెన పలకల మధ్య ఇనుప జాయింటు మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు పడే దెబ్బ. జాయింటు వదులైతే, దాని అంచు ఎత్తుపల్లాలైతే ఆ దెబ్బ రెట్టింపవుతుంది. అది మరమ్మతుతో పోయేది, ముందు దాన్ని అడగండి.

రెండోది గోడ. చప్పుడు అడ్డుగోడ పనిచేయాలంటే మీ కిటికీకీ లారీ టైరుకీ మధ్య చూపు తెగాలి. అలా తెగితే 5 నుంచి 10 డెసిబెల్స్ తగ్గుతాయి. సందులుండకూడదు, ఒక్క పలక ఊడినా అక్కడి నుంచి కారిపోతుంది. మన దేశంలో ఇది కొత్త కాదు. మధ్యప్రదేశ్‌లో పెంచ్ పులుల అడవి మీదుగా పోయే 44వ జాతీయ రహదారిని పైకి లేపి కట్టినప్పుడు, జంతువులు బెదరకుండా చప్పుడూ లైట్ల వెలుతురూ ఆపే గోడలు రెండు వైపులా పెట్టారు. ఆ పని చాలా మంచిది. దాన్నే చూపించి అడగండి.

ఉత్తరం జాతీయ రహదారుల సంస్థకు రాయండి, నకలు పోలీసు కమిషనర్ గారికీ కాలుష్య నియంత్రణ మండలికీ. ఎన్నో అంతస్తు, కిటికీ నుంచి రోడ్డు అంచుకు ఎన్ని మీటర్లు, రాత్రి పదకొండు నుంచి రెండు దాకా ఎన్ని లారీలు అన్నది వారం రోజులు వంతులు వేసుకుని నోటుబుక్కులో రాయండి. "చప్పుడు భరించలేకపోతున్నాం" అన్న ఒక్క వాక్యం కంటే ఆ నోటుబుక్కు ఎక్కువ పనిచేస్తుంది. అడిగేవి మూడే ఉంచండి: జాయింట్ల మరమ్మతు, అడ్డుగోడ, రాత్రి లారీలకు 60 కిలోమీటర్ల వేగం అమలు. లెక్కపెట్టడానికి రాత్రి మనిషి తక్కువైతే చెప్పండి, పటమట నుంచి నేను వచ్చి ఒక రాత్రి కూర్చుంటాను.